క్యూ-వన్, క్యూ-టూల సంజాయిషీ

విరామ నిర్మూలన వారోత్సవాలు ఒక్క వారంతో అయిపోతాయనుకున్నాం. తొమ్మిదో వారం నడుస్తుండగా మా ఆసుపత్రికి పసుపు రంగు ఫారం వచ్చింది.

నేను గోదావరి కాలవ పక్కనున్న ఒక చిన్న ఊళ్లో ప్రభుత్వ దంత వైద్యశాలలో సీనియర్ అసిస్టెంటుని. పేరు శేషగిరి. వచ్చే కాగితమూ పోయే కాగితమూ ఇరవై ఆరేళ్లుగా నా బల్ల మీదుగానే నడుస్తాయి. కాబట్టి నేను చెప్పేదానికి నంబరూ తేదీ ఉంటాయి. అడిగితే చూపిస్తాను.

వారోత్సవాల ఉద్దేశం చాలా గొప్పది. మా శాఖలో ఏ మనిషీ, ఏ వస్తువూ క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు. మొదటి వారం మనుషుల్ని పరిశీలించారు. రెండో వారం కుర్చీల్ని. ఖాళీ కుర్చీ కనిపిస్తే చర్య తీసుకుంటామన్నారు కనుక, రోగుల కోసం వరండాలో వేసినవాటిలో ఆరింటిని స్టోరు గదిలో పెట్టి తాళం వేశాం. ఆ తర్వాత ఖాళీ కుర్చీ ఒక్కటీ కనిపించలేదు. రోగులు నిలబడ్డారు. మాకు మెచ్చుకోలు లేఖ వచ్చింది. తొమ్మిదో వారానికి యంత్రాల వంతు వచ్చింది.

ఫారంలో ఇరవై ఒక్క గడులున్నాయి. పద్నాలుగో గడిలో 'యంత్రములోని అంతర్గత భాగములు, ఒక్కొక్కదాని పని సమయము, ఖాళీ సమయము' అని అడిగారు. జిల్లాలో అందరూ అక్కడ 'వర్తించదు' అని రాసి పంపేశారు. మా సుభాషిణి మాత్రం నిజం రాసింది.

సుభాషిణి మా టెక్నీషియన్. ముప్పై ఏళ్ల పిల్ల. ఆవిడ వచ్చేనాటికి మా అల్ట్రాసోనిక్ క్లీనరు రెండేళ్లుగా దుప్పటి కప్పుకుని మూల పడి ఉంది. పళ్లు పీకే పట్టకార్లూ, గార గీకే కొక్కేలూ నీళ్లలో వేస్తే వాటంతటవే శుభ్రపడే స్టీలు తొట్టె అది. అది పాడైనప్పటి నుంచీ ఆ పనంతా మా అటెండరు నూకాలమ్మ బ్రష్షు పుచ్చుకుని చేసేది. ఆమె వేళ్ల మీద గాట్లు లేని చోటు ఉండేది కాదు.

సుభాషిణి ఆ యంత్రం అడుగు విప్పింది. పుస్తకం లేదు, పటం లేదు. ఒక్కో తీగనూ వేలితో పట్టుకుపోయి, పాత ఎక్స్‌రే కవర్ల వెనకాల బొమ్మ గీసుకుంది. పాలిటెక్నిక్ నుంచి కరెంటు అలల్ని తెర మీద చూపించే స్కోప్ అనే పెట్టెను అరువు తెచ్చింది. "అర్థమయ్యేదాకా మూత బిగించనండి" అంది. నాలుగు నెలలు బిగించలేదు. ఐదో నెలలో తొట్టెలో నీళ్లు సన్నగా వణికాయి. నూకాలమ్మ ఆ రోజు బ్రష్షు కిటికీలోంచి కాలవలోకి విసిరేసింది. బ్రష్షు ప్రభుత్వ ఆస్తి కనుక నేను దానికి విడిగా నోట్ పెట్టాల్సి వచ్చింది.

అది ఎలా పనిచేస్తుందో సుభాషిణి నాకు చెప్పింది. నాకు అర్థమైందంటే ఎవరికైనా అర్థమవుతుంది. తొట్టె అడుగున ఒక బిళ్ళ అతికించి ఉంటుంది. దానికి కరెంటు ఒక పక్కనుంచి ఇస్తే ఉబ్బుతుంది, రెండో పక్కనుంచి ఇస్తే ముడుచుకుంటుంది. సెకనుకు నలభై వేల సార్లు అలా ఉబ్బి ముడుచుకుంటే నీళ్లలో కంటికి ఆనని బుడగలు పుట్టి, పగిలి, మురికిని ఊడబెరుకుతాయి. కరెంటును అలా అటూ ఇటూ తిప్పడానికి ఒక ట్రాన్స్‌ఫార్మరు ఉంది. దాని తీగచుట్ట మధ్యలో కరెంటు ఇస్తారు. ఆ చివర ఒక ట్రాన్సిస్టరు, అంటే చప్పుడు లేని స్విచ్చి లాంటిది, ఈ చివర ఒకటి. వాటి పేర్లు క్యూ-వన్, క్యూ-టూ. క్యూ-వన్ కరెంటును తన వైపు లాగి వదులుతుంది. అప్పుడు క్యూ-టూ తన వైపు లాగి వదులుతుంది. ఒకటి పూర్తిగా వదలకముందే రెండోది అందుకోకుండా, మధ్యలో రవ్వంత సేపు రెండూ ఆగుతాయి. అంతే.

ఇదంతా ఆవిడ పద్నాలుగో గడిలో, చాలక పక్క మార్జిన్లో, పొందిగ్గా రాసింది. క్యూ-వన్: సగం సమయం పని, సగం ఖాళీ. క్యూ-టూ: అదే. కొద్దిసేపు ఇద్దరూ ఖాళీ. నేను ముద్ర వేసి పంపాను.

పదకొండో రోజున మెమో వచ్చింది.

'తమ వైద్యశాల యందలి క్యూ-వన్, క్యూ-టూ అను ఇరువురునూ పనివేళలలో సగభాగము విధులకు దూరముగా నుండుటయే గాక, అపుడపుడు కూడబలుక్కొని ఏకకాలమున విరామము తీసుకొనుచున్నట్లు తమ నివేదిక వలననే రుజువగుచున్నది. దీనిపై మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను.'

పొరపాటున మనుషులనుకున్నారేమోనని పై ఆఫీసుకు ఫోన్ చేశాను.

"ట్రాన్సిస్టర్లని తెలుసండి. జాయింట్ డైరెక్టరు గారికి స్వయంగా చెప్పాం. నియమం ముందు మనిషీ యంత్రమూ ఒకటే అన్నారు" అన్నాడు అవతలి గుమాస్తా.

సుభాషిణి రెండు పేజీల సంజాయిషీ రాసింది, బొమ్మతో సహా. 'సంతృప్తికరముగా లేదు. స్వయముగా విచారించబడును' అని జవాబొచ్చింది. ఆ గురువారమే జాయింట్ డైరెక్టరు మార్కండేయులు గారు దిగారు.

ఆయన చెడ్డమనిషి కాదు. సొంత ఊరు అనంతపురం. భార్యాపిల్లల్ని అక్కడే వదిలి మూడేళ్లుగా ఇక్కడ ఒంటరిగా ఉంటున్నారు. ఉదయం ఏడింటికే ఆఫీసుకు వెళ్తారు. కాఫీ కూడా నడుస్తూనే తాగుతారు. ఆయన్ని కూర్చుని ఉండగా చూసినవాళ్లు శాఖలో లేరు.

తొట్టె ముందు నిలబడి అడిగారు. "దీన్ని ఏమంటారు?"

"పుష్-పుల్ సర్క్యూట్ అంటారు సార్" అంది సుభాషిణి.

"అంటే తోసేది ఒకటి, లాగేది ఒకటి. లాగేదెవరు?"

"ఇద్దరూ లాగుతారండి. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు."

"మరి తోసేదెవరు?"

"ఎవరూ తోయరండి. అటు లాగితే ఇటు తోసినట్టే ఉంటుంది."

మార్కండేయులు గారు మా సూపరింటెండెంట్ డాక్టర్ హైమవతి గారి వైపు తిరిగారు. "డాక్టరు గారూ, తోసే పోస్టు ఎప్పటి నుంచి ఖాళీగా ఉంది? నివేదికలో చూపించలేదే?"

హైమవతి గారికి అప్పటికి నలభైమంది రోగులు వేచి ఉన్నారు. "శేషగిరి గారు చూస్తారండి" అని వెళ్లిపోయారు. నేను రాసుకున్నాను.

"ఇద్దరూ ఒకేసారి ఖాళీగా ఉండే సమయం ఒకటుందని రాశావు. ఎవరి అనుమతితో?" అని సుభాషిణిని అడిగారు.

"అది లేకపోతే కాలిపోతాయి సార్."

"అనుమతి సంగతి అడుగుతున్నానమ్మా."

సుభాషిణి ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "సార్, మా నాన్న కలప అడితిలో రంపం లాగేవారండి. దుంగకి ఇటు ఆయన, అటు ఇంకొకాయన. ఈయన లాగినప్పుడు ఆయన వదలాలి. ఆయన లాగినప్పుడు ఈయన వదలాలి. అలాగే దుంగ తెగుద్ది. ఇద్దరూ ఒకేసారి లాగారనుకోండి, రంపం బిగుసుకుపోద్ది, నడుములు పడిపోతాయి, దుంగ మాత్రం అలానే ఉంటది."

"అంటే మీ నాన్నగారితో పనిచేసే వ్యక్తి సగం సేపు ఖాళీగా ఉండేవాడన్నమాట."

"ఖాళీగా కాదండి. వదిలేవారు. వదలడం కూడా పనేనండి."

ఆయన తన సంచిలోంచి విధుల పట్టిక తీశారు. నాలుగు పేజీలూ వేలు పెట్టి చదివారు. "వదలడం అనే పని ఇందులో లేదు" అన్నారు, కొంచెం బాధగానే. "చూడమ్మా, నేను నీకు వ్యతిరేకిని కాను. ఇద్దరినీ ఒకేసారి పనిలో పెట్టు. రెట్టింపు శుభ్రత వస్తుంది. రాష్ట్రంలో మొదటి ఆసుపత్రి మీదే అవుతుంది."

"రాసివ్వండి సార్" అంది సుభాషిణి.

రాసిచ్చారు. 'ఇరువురునూ ఏకకాలమున నిరంతరము విధులలో ఉన్నట్లు కంటికి స్పష్టముగా కనబడవలెను' అన్నది ఉత్తర్వు. పాటించకపోతే ఆవిడ మీద ఆరోపణ పత్రం. ఆవిడ అభ్యంతరం రాసి నా దగ్గర నమోదు చేయించుకుని, క్యూ-వన్‌కి వెళ్లే తీగనూ క్యూ-టూకి వెళ్లే తీగనూ కలిపి ముడేసింది. ముడేస్తున్నప్పుడు ఆవిడ చేతులు చూశాను. పెంచుకున్న పెయ్యను అమ్మేవాళ్లు పలుపు అందించినట్టుంది.

సోమవారం ప్రారంభోత్సవం. రిబ్బను కట్టాం. సుభాషిణి ఒక బకెట్టుతో ఇసుక తెప్పించి పక్కన పెట్టింది. అలంకరణ అనుకున్నారేమో, ఎవరో అందులో అగరొత్తులు గుచ్చారు. మార్కండేయులు గారు స్విచ్చి వేశారు.

ఠప్‌మని చప్పుడైంది. ట్రాన్స్‌ఫార్మరు ఒకసారి మూలిగింది. అడుగు నుంచి నల్లటి పొగ లేచి రిబ్బను దాకా వచ్చింది. నీళ్లలో చిన్న అల కూడా లేవలేదు.

పొగ తగ్గాక ఆయన దగ్గుతూ అడిగారు. "ఇద్దరూ ఒకేసారి పనిచేశారా?"

"చేశారండి" అంది సుభాషిణి. "రెప్పపాటు సేపు."

'యంత్రము పనిచేసిన సమయమంతయు నూటికి నూరు శాతము హాజరు నమోదైనది' అని ఆయన నివేదిక రాసుకున్నారు. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు.

నూకాలమ్మకు కొత్త బ్రష్షు ఇచ్చాం. రోజుకు అరవైమందిని చూసేవారు హైమవతి గారు. పనిముట్లు అందక ఇరవై ఐదుమందికి దించేశారు. మిగిలినవాళ్లు బుగ్గలు పట్టుకుని వెనక్కి నడిచేవారు. కొత్తిమీర అమ్ముకునే ఒకామె వరసగా మూడు రోజులు వచ్చింది. మూడో రోజు ఆమెకు మాట కూడా పెగల్లేదు. చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

నాలుగో రోజున గార గీకే కొక్కెం నూకాలమ్మ బొటనవేలిలో దిగిపోయింది. హైమవతి గారు కట్టుకట్టి, రక్తపరీక్షకు పంపి, సూది మందు వేశారు.

"రోగి నోట్లో తిరిగిన కొక్కెం కదండీ. ఏవీ రాదు కదా?" అని నూకాలమ్మ నన్నడిగింది. నాకేం తెలుసు? ఏమీ రాదన్నాను.

సుభాషిణి ఆమె పక్కన బల్ల మీద కూలబడింది. "నేనే కదా పిన్నీ, నా చేతుల్తో నేనే ముడేశాను."

"ఉద్యోగవమ్మా. నువ్వేం చేస్తావ్?" అంది నూకాలమ్మ. "అయినా నాకిది కొత్తా ఏంటి."

ఆ మాట తిట్టు కాదు. కానీ సుభాషిణి లేచి తిన్నగా నా బల్ల దగ్గరకొచ్చింది.

"శేషగిరి గారూ, ఆ ఉత్తర్వు ఇంకోసారి చదవండి."

చదివాను. 'కంటికి స్పష్టముగా కనబడవలెను.'

"కంటికి?"

"కంటికే" అన్నాను.

మూలపడేసిన పాత యూపీఎస్‌లోంచి రెండు ట్రాన్సిస్టర్లు ఊడదీసింది. ట్రాన్స్‌ఫార్మరు అదృష్టం కొద్దీ బతికే ఉంది. ఫ్యూజు మార్చింది. తీగల ముడి విప్పి పాత పద్ధతిలోనే కట్టింది. మధ్యలో ఆగే ఆ రవ్వంత సమయాన్ని స్కోప్ తెర మీద రెండు సార్లు సరిచూసుకుంది. ఆ తర్వాత క్యూ-వన్‌కి ఒక చిన్న ఎర్ర దీపం, క్యూ-టూకి ఒకటి అమర్చింది. ఎవరి పని వాళ్లు చేస్తున్నప్పుడు వాళ్ల దీపం వెలుగుతుంది, వదిలినప్పుడు ఆరుతుంది. సెకనుకు నలభై వేల సార్లు.

మార్కండేయులు గారు మళ్లీ తనిఖీకొచ్చారు. స్విచ్చి వేయగానే రెండు దీపాలూ వెలిగాయి. వెలుగుతూనే ఉన్నాయి. నీళ్లు వణికాయి. ఆయన వంగి, కళ్లద్దాలు తుడుచుకుని, ఐదు నిమిషాలు రెప్ప వేయకుండా చూశారు.

"ఒక్కసారి కూడా ఆరలేదు!"

"సార్, సర్క్యూట్ పాత పద్ధతిలోనే కట్టానండి" అంది సుభాషిణి. "ఒకటి ఆరాకే రెండోది వెలుగుతుంది. మన కంటికి ఆనదంతే."

"నా కళ్లతో నేను చూస్తున్నానమ్మా" అన్నారు ఆయన ఆప్యాయంగా. "ఇంత సాధించి కూడా ఈ వినయం చూశారా?" అని నా వైపు తిరిగారు. నేను దాన్ని కూడా రాసుకున్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మా శాఖలో బాగా పనిచేసినవాళ్లను ఊరికే వదలరు. రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. టెక్నీషియన్ సుభాషిణిని విరామ నిర్మూలన నిపుణురాలిగా రాజధానిలోని ప్రధాన కార్యాలయానికి మూడేళ్ల పాటు పంపడమైనది. వెంటనే బయల్దేరాలి. ఆమె స్థానంలో వేరొకరిని నియమించే ప్రతిపాదన లేదు.

విధులేమిటని ఫోన్ చేసి కనుక్కున్నాను. "నిపుణులకు విధులుండవండి. నిపుణులుగా ఉంటారు" అన్నాడు అవతలి గుమాస్తా.

సుభాషిణి నూకాలమ్మకు స్విచ్చి వేయడం, తీయడం, నీళ్లు మార్చడం నేర్పడం మొదలెట్టింది. "మళ్లీ పాడైతే?" అని నూకాలమ్మ అడిగితే ముఖం తిప్పుకుంది. కట్టు విప్పిన బొటనవేలు ఇంకా తెల్లగా, మెత్తగా ఉంది.

ఇరవై ఆరేళ్లలో నేను సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. వచ్చినదానికి జవాబు రాయడమే నా పని. ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పకుండా కూర్చుని ఒక వాక్యం రాశాను. హైమవతి గారి దగ్గరకు పట్టుకెళ్లాను. ఆవిడ ఒక చేత్తో పంటి పట్టకారు పట్టుకుని, రెండో చేత్తో సంతకం చేశారు.

'బదిలీపై వెళ్లు ఉద్యోగికి నిబంధనల ప్రకారము ఆరు దినముల చేరిక గడువు కలదు. సదరు ఆరు దినములలో ఉద్యోగి పాత స్థానమునందును, కొత్త స్థానమునందును విధులు నిర్వహించజాలడు. ఇది విరామమగునా, కాదా? తగు స్పష్టత ఇవ్వగోరుచున్నాము.'

అంతే. నేను అడిగింది స్పష్టత మాత్రమే.

పై ఆఫీసులో ఆ కాగితం మూడు బల్లలు దాటింది. నాలుగో బల్ల దగ్గర ఎవరో చదివారు. విరామమేనని తేలింది. అప్పుడు వాళ్లకు ఒక భయంకరమైన సంగతి తట్టింది. మనిషిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపితే మధ్యలో ఖాళీ తప్పదు. మరుసటి సోమవారం రాష్ట్రవ్యాప్తంగా సర్క్యులర్ వచ్చింది. తదుపరి ఉత్తర్వుల వరకు అన్ని బదిలీలూ నిలిపివేయడమైనది.

సుభాషిణి బదిలీ ఆగిపోయింది. దాంతోపాటు ఎనిమిది వందల పదమూడు మందివీ ఆగిపోయాయి. అందులో మార్కండేయులు గారిది కూడా ఉందని నాకు తర్వాత తెలిసింది. విరామ నిర్మూలనలో చేసిన కృషికి ఆయనకు మూడేళ్లుగా అడుగుతున్న అనంతపురం ఇచ్చారట. సామాన్లు కూడా కట్టేసుకున్నారట. కూతురు పదో తరగతి పరీక్షలనాటికి ఇంట్లో ఉండాలనుకున్నారట.

పాపం అనిపించింది. నిజంగానే.

ఎనిమిది వందల పదమూడు మంది ఊరుకుంటారా? కలెక్టరాఫీసుల ముందు టెంట్లు వేశారు. ఇరవై రెండో రోజున చివరి మెమో వచ్చింది. నా సర్వీసులో అంత చిన్న మెమో చూడలేదు.

'విరామ నిర్మూలన వారోత్సవములకు విరామము ఇవ్వడమైనది.'

నిలిచిన బదిలీలు కదిలాయి. సుభాషిణిది మాత్రం కదల్లేదు. వారోత్సవాలే లేనప్పుడు వాటి నిపుణురాలు ఎందుకని రద్దు చేశారు. నేను స్టోరు గది తాళం తీసి ఆరు కుర్చీలూ వరండాలో వేయించాను.

ఒక శనివారం ఉదయం మార్కండేయులు గారు చెప్పాపెట్టకుండా వచ్చారు. బయట కారు నిండా సామాన్లున్నాయి. అనంతపురం బయల్దేరారు. చేతిలో ఫైలు లేదు. తిన్నగా తొట్టె గదిలోకి వెళ్లి, గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"అమ్మా, ఆ రోజు నువ్వేదో చెప్పావు. ఒకటి ఆరాకే రెండోది వెలుగుతుందని. నిజమా?"

"నిజవేనండి."

"చూపిస్తావా?"

సుభాషిణి స్కోప్ తెచ్చి తీగలు తగిలించింది. తెర మీద రెండు ఆకుపచ్చ గీతలు వచ్చాయి. పై గీత లేస్తే కింది గీత పడుకుంది. కింది గీత లేస్తే పై గీత పడుకుంది. ఆవిడ మీట తిప్పి వాటిని సాగదీసింది. ఒకటి దిగడానికీ రెండోది లేవడానికీ మధ్య వేలెడంత మేర రెండు గీతలూ చదునుగా పడుకుని ఉన్నాయి.

ఆయన అక్కడ వేలు పెట్టారు. "ఇక్కడ ఏం జరుగుతోంది?"

"ఏవీ జరగట్లేదండి."

ఆయన పక్కనున్న బల్ల చూసుకుని కూర్చున్నారు. నూకాలమ్మ టీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆ చదునైన చోటునే చూస్తూ నెమ్మదిగా తాగారు. అయిపోయాక కూడా లేవలేదు. తొట్టెలో పట్టకార్లు సన్నగా గలగలమంటున్నాయి.

గంట దాటాక కారు డ్రైవరు గుమ్మంలోంచి తల పెట్టాడు. "అయ్యగారు ఏం చేస్తన్నారండీ? అనంతపురం చాలా దూరం కదండీ."

"ఏవీ చెయ్యట్లేదు బాబూ" అంది నూకాలమ్మ. "నువ్వూ వచ్చి కూచో."